సాన బండికి కరెంటు: మోటారు కదిలే మొదటి క్షణాన్ని లెక్క వేయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

బండి మీద తిరుగుతూ కత్తులకు, కత్తెరలకు, ఉలులకు సాన పట్టే పనిలోకి కొత్తగా వస్తున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: కరెంటు కనెక్షన్ లేని చోట సాన యంత్రాన్ని దేనితో నడపాలి? పెద్ద జనరేటర్ కొనుక్కోమని చాలామంది వారికి సలహా ఇస్తున్నారు. బ్యాటరీతోనే ఈ పని చక్కగా సాగుతుందని అనుభవం మీద చెప్పగలను గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

సాన పనిలో మోటారు రోజంతా తిరగదు. ఆరంగుళాల రాయి బిగించిన చిన్న గ్రైండర్ 250 వాట్లు తీసుకుంటుందనుకుంటే, ఒక్కో కత్తికి రెండు నిమిషాల చొప్పున 60 కత్తులు పట్టినా మోటారు తిరిగేది రెండు గంటలే, ఖర్చయ్యేది అర యూనిట్ కరెంటే, అంటే 500 వాట్-అవర్లు. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటులా మార్చే ఇన్వర్టర్‌లో పోయే నష్టాన్ని కలిపినా ఆరు వందల వాట్-అవర్లు దాటదు. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 1,200 వాట్-అవర్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగానికి మించి వాడకూడదు కనుక, అది ఒక రోజు పనికి బొటాబొటిగా సరిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఎనభై శాతం వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు, బరువూ తక్కువే. అయితే కత్తికీ కత్తికీ మధ్య ఇన్వర్టర్‌ను ఆపకుండా వదిలేస్తే అది ఊరికే పది, ఇరవై వాట్లు తాగుతూనే ఉంటుందని, సాయంత్రానికి ఆ లోటు తెలిసివస్తుందని గుర్తుంచుకోవాలి.

అసలు చిక్కు ఈ లెక్కలో లేదు, మోటారు కదిలే మొదటి క్షణంలో ఉంది. ఇలాంటి గ్రైండర్లలో మామూలుగా ఉండే ఇండక్షన్ మోటారు నిలిచి ఉన్న స్థితి నుంచి కదిలేటప్పుడు, నడిచేటప్పుడు తీసుకునే దానికి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఈ సంగతి తెలియక నేను మొదట్లో 500 వాట్ల ఇన్వర్టర్ కొన్నాను. అమ్మినాయన మోటారు 250 వాట్లే కదా, రెట్టింపు ఉంది, చాలన్నాడు. స్విచ్ వేయగానే మోటారు గుర్రుమని మూలిగింది, రాయి వేలెడంత కూడా కదలలేదు, ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది. నాకు ఇచ్చింది ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, అంటే ఇంటి కరెంటులా నునుపైన అలగా కరెంటు ఇచ్చేది, కూడా కాదని తరువాత తెలిసింది. ప్యూర్ సైన్ వేవ్ కాని వాటి మీద ఇండక్షన్ మోటారు నడిచినా వేడెక్కుతుంది, కాలక్రమంలో కాలిపోతుంది కూడా.

తక్కువ వోల్టేజీలో ఆంపియర్లు ఎక్కువ కనుక బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు వెళ్లే తీగ లావుగా, పొట్టిగా ఉండాలి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండి తీరాలి. 24 వోల్టులకు మారితే ఆంపియర్లు సగానికి తగ్గుతాయి. ఇన్వర్టర్ గొడవే వద్దనుకునేవారు బ్యాటరీతో నేరుగా నడిచే డీసీ మోటారు పెట్టుకోవడం మేలు. నా మటుకు నేను ఇప్పుడు వాడుతున్నది అదే. (కాలితో తొక్కే పాత సాన చక్రాన్ని మాత్రం పారేయవద్దు. చిన్న కత్తులకు దాన్ని మించినది లేదు.)

జనరేటర్‌ను నేను వద్దనడానికి కారణం పెట్రోలు ఖర్చు ఒక్కటే కాదు. అంచు రాయికి తగిలే చప్పుడులో వచ్చే మార్పును బట్టి కూడా పదును తెలుస్తుంది. ఇంజిను మోతలో ఆ చప్పుడు వినపడదు. ఇక మూసి ఉన్న వ్యాను లోపల దాన్ని నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలే తీస్తుంది.

అలాగని బ్యాటరీతో ప్రమాదం లేదని కాదు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు లెడ్-యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది, మన పనిలో నిప్పురవ్వలు రాలుతూనే ఉంటాయి. ఇనుప రజను టెర్మినళ్ల మీద పడినా షార్ట్ సర్క్యూట్ కావచ్చు. అందుచేత బ్యాటరీని గాలి ఆడే వేరే పెట్టెలో, టెర్మినళ్లకు మూత వేసి, రాయికి దూరంగా ఉంచాలి.

ఇన్వర్టర్లు తయారు చేసేవారికి నా విన్నపం ఒక్కటే. నిలకడగా ఎన్ని వాట్లు ఇస్తుందో, మోటారు కదిలే క్షణంలో ఎంత తట్టుకుంటుందో, ఇచ్చేది ప్యూర్ సైన్ వేవో కాదో పెట్టె మీద స్పష్టంగా, తెలుగులో కూడా ముద్రించండి.

ఇట్లు,
ఒక సాన పనివాడు