మంచిర్యాలలో ఎక్కిన తాతకు

నిరుడు సంక్రాంతి తర్వాత భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో మా ఎదుట కూర్చున్న తాతా, మీ పేరైనా అడగలేదు. కాగజ్‌నగర్‌లో తమ్ముణ్ణి సమాధి చేసి, అమ్మను తీసుకొని వస్తున్నాను. ఒళ్లో బైబిలుంది, తెరవబుద్ధి కాలేదు. అందరూ "దేవుని చిత్తం" అని ఊరుకున్నారు మరి.

మీరు ఆ మాట అనలేదు. యోబు గ్రంథం 28వ అధ్యాయం తీయమన్నారు. అందులో మనుషులు చీకట్లోకి గని తవ్వుకుంటూ పోయి, వేలాడుతూ, వెండీ ఇనుమూ రాగీ తీస్తారు. జ్ఞానం మాత్రం అక్కడ దొరకదు. అగాధమూ సముద్రమూ మా దగ్గర లేదంటాయి. "ఇది రాసినాయన గని దిగినోడే బిడ్డా" అని నవ్వారు. (పండితులేమంటారో గానీ, ముప్ఫై ఏళ్లు బొగ్గుగనిలో తట్టా చెమ్మస్ పట్టిన మీరంటే నమ్మబుద్ధేసింది.) దైవభయమే జ్ఞానమన్న చివరి వచనం నన్నే చదువుకోమన్నారు. 38వ అధ్యాయంలో దేవుడు మాట్లాడినా, యోబుకు అన్ని కష్టాలెందుకొచ్చాయో కారణం చెప్పడు, తిరిగి ప్రశ్నలే వేస్తాడు. "నా టోపీ దీపం నాలుగడుగులే చూపేది. నడిచేటందుకు చాలు" అన్నారు.

కాజీపేటలో దిగుతూ మీరిచ్చిన జామకాయ అమ్మ తిన్నది. మూడు రోజుల్లో ఆమె నోట్లో పెట్టుకున్నది అదొక్కటే. మీకు వందనాలు తాతా.