శిరీషకు, కాకినాడ నుంచి

చిరంజీవి శిరీషకు, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ల సంగతి నీకు తెలిసిందే. గాలికి సన్నజాజి పందిరి ఒరిగిపోతే బుజ్జిగాడు వచ్చి నిలబెట్టి వెళ్లాడు. వాసు మామయ్య బెంగళూరు నుంచి వచ్చి రెండు రోజులుండి వెళ్లాడు. ఏవేవో చెప్పాడు. వాడి మాటలు నేనెప్పుడూ పట్టించుకోలేదు, ఇప్పుడూ పట్టించుకోను. నువ్వు ‘బిజీ నాన్నా’ అని మెసేజ్ పెట్టాక మళ్లీ ఉలుకూ పలుకూ లేదు కదా, అందుకని ఊరికే రాస్తున్నాను.

ఈమధ్య ఒక పాత చదరంగం ప్రోగ్రాం లిస్టింగ్, అంటే దాని కోడ్ మొత్తం, ముందేసుకుని కూర్చుంటున్నాను. పేరు మైక్రోచెస్. 1976లో కెనడాలో, టొరంటోలో పీటర్ జెన్నింగ్స్ అనే ఆయన ఒక్కడే రాశాడు. ఒక్కడే అన్నది నీకు నచ్చుతుందని తెలుసు. ఆయన రాసింది కిమ్-1 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కోసం. మా ల్యాబ్‌లో 8085 మైక్రోప్రాసెసర్ కిట్లు ఉండేవి, చిన్నప్పుడు వచ్చి మీటలు టకటకా నొక్కేదానివి, అచ్చం అలాంటిదే. 6502 ప్రాసెసర్, హెక్స్ మీటలు (0 నుంచి 9, ఆపైన ఎ నుంచి ఎఫ్), ఆరు ఎర్ర అంకెలు. స్క్రీన్ లేదు. మెమరీ కిలోబైటు మీద కాస్త. నువ్వు పంపే ఫొటో ఒక్కటి ఇలాంటి బోర్డులు వెయ్యి కలిపినా పట్టదు. పంపడం మానేశావనుకో, అది వేరే సంగతి.

ఆ కాస్త చోటులో చదరంగం ఎలా ఇరికించాడో చూడు. పక్కన మామూలు చదరంగం బల్ల పెట్టుకోవాలి. సి మీట నొక్కితే ఆరు సీలు వెలుగుతాయి, అంటే పావులు సర్దేసినట్టు. రాజు ముందు బంటుని రెండు గళ్లు జరపాలంటే 6, 3, 4, 3 అని, అంటే 63 నంబరు గడి నుంచి 43 నంబరు గడికి అని, కొట్టి ఎఫ్ నొక్కాలి. తర్వాత పీసీ అనే మీట నొక్కితే అది ఆలోచిస్తుంది, ఆలోచిస్తున్నంతసేపూ అంకెలు మిణుకుమిణుకుమంటాయి. ఇక నావల్ల కాదు అనుకుంటే ఆరు ఎఫ్‌లు చూపించి చేతులెత్తేస్తుంది. ఎంత మర్యాదో! కష్టంలో ఉన్నానని అదైనా చెబుతుంది.

నాకు బాగా నచ్చింది గళ్ల లెక్క. ప్రతి గడికీ రెండంకెల నంబరు, ఒకటి వరుసది, ఒకటి నిలువుది, రెండూ 0 నుంచి 7 లోపే. గుర్రం గెంతి బల్ల అవతల పడిందా అని తేల్చాలంటే పెద్ద తతంగం అక్కర్లేదు. ఆ నంబరుని హెక్స్ 88తో యాండ్ చెయ్యడమే, అంటే రెండింట్లోనూ 1 ఉన్న బిట్టు మాత్రమే మిగల్చడం. ఏ అంకె 0-7 దాటినా దాని 8 బిట్టు 1 అవుతుంది. సున్నా వస్తే లోపల, రాకపోతే బయట. ఇన్నేళ్లు పిల్లలకి యాండ్ గేటు చెప్పాను, ఒక్కసారైనా ఇలాంటి ఉదాహరణ తట్టలేదు.

చోటు చాలక కొన్ని వదిలేశాడు. క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరగడం) లేదు, ఆం పాసాం (రెండు గళ్లు గెంతిన బంటుని పక్క బంటు దారిలోనే చంపడం) లేదు, చివరి వరుసకి చేరిన బంటు మంత్రి కావడమూ లేదు. ఆట కూడా అంతంతమాత్రమే, కాస్త ఆడగలిగినవాడు ఓడించేస్తాడు. అప్పటికే అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ల చదరంగం ప్రోగ్రాం కంట్రోల్ డేటా కంపెనీ వాళ్ల పెద్ద పెద్ద కంప్యూటర్ల మీద టోర్నమెంట్లే ఆడుతోంది. అయినా ఇంట్లో బల్ల మీద పెట్టుకుని ఆడేది ఇదే కదా. వదిలెయ్యాల్సింది వదిలేసి పని ముగించడం గొప్ప విద్యే. అలాగని నిన్ను రాత్రి భోజనం వదిలెయ్యమని కాదు. చిక్కిపోయావట, మామయ్య అన్నాడు. వాడి మాట పట్టించుకోననుకో.

1976 డిసెంబర్ 18న మొదటి కాపీలు పోస్టులో పంపాడు. పది డాలర్లు. తర్వాత డాన్ ఫిల్‌స్ట్రాతో కలిసి పర్సనల్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ నడిపాడు. మైక్రోచెస్‌ని టీఆర్‌ఎస్-80, పెట్, యాపిల్-2 అనే అప్పటి ఇంటి కంప్యూటర్లకి మార్చి అమ్మారు. ఆ డబ్బు 1979లో విజికాల్క్ బయటికి రావడానికి పనికొచ్చింది. నేటి ఎక్సెల్‌కి తాతలాంటిది అది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అమ్మా, ఆ ఏడాది అలాంటి బోర్డు ముందు కూర్చుని ఏదో రాసినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు? వాళ్లలో ఎవరి పేరు మనకి తెలుసు? ఉద్యోగం ఉండగా రాత్రిళ్లు చేసుకునే పని వేరు, అది వదిలేసి చేసే పని వేరు. వదిలేశావని నేననడం లేదు. మామయ్య అన్నాడు.

ఒకవేళ నిజమే అయితే, తిట్టను. అమ్మతో నేను మాట్లాడతాను. కానీ కొన్ని చూసుకోవాలి. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది, సొంత పాలసీ ఆలస్యం చెయ్యకుండా తీసుకో. పీఎఫ్ మాత్రం తియ్యకు, ఎన్ని అవసరాలొచ్చినా తియ్యకు. అద్దె ఎన్ని నెలలకి సరిపోతుందో కాగితం మీద వేసుకో, ఫోన్లో కాదు. నువ్వు చేసేదేమిటో నాకు అర్థం కాదనుకోకు. కోడ్ పంపితే చూస్తాను, తప్పులు కూడా పడతాను.

పెద్దక్క వాళ్ల అబ్బాయి శుక్రవారం బస్సుకి బయల్దేరుతున్నాడు. గోంగూర పచ్చడి, సున్నుండలు, నీ పాత రగ్గు పంపుతున్నాను. డబ్బా మూత వదులు, నిలబెట్టే ఉంచు. ఆదివారం పది లోపు ఫోన్ చెయ్యి. ఆ తర్వాత లైను పనట, మధ్యాహ్నం దాకా కరెంటు ఉండదు, నా ఫోన్‌లో ఛార్జింగ్ నిలవడం లేదు.

ఇట్లు,
నాన్న