పాడిన చీటీ సొమ్ము ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

మేనేజరు గారికి,
చిట్‌ఫండ్ కంపెనీ, కడప బ్రాంచి.

అయ్యా,

మీ దగ్గర 50 నెలల 5 లక్షల చీటీ కడుతున్నాను. 30వ పాటలో (నెలవారీ వేలంలో) లక్ష వదులుకుని పాడుకున్నాను. నాకు రావలసింది 4 లక్షలు. ఇంతవరకు రూపాయి చేతికి రాలేదు.

ష్యూరిటీకి, అంటే నేను కట్టాల్సిన మిగతా వాయిదాలకు పూచీగా, ఇద్దరు గవర్నమెంటు ఉద్యోగులు కావాలన్నారు. మా మరిది, ఆయన స్కూల్లోనే పనిచేసే మరో టీచరు మీ కౌంటరు దగ్గరే సంతకాలు పెట్టారు. జీతం సర్టిఫికెట్లు, ఆధార్ జిరాక్సులు, చెక్కులు అన్నీ మీవాళ్లు తీసుకున్నారు. తర్వాత మూడో మనిషి కావాలన్నారు. ఎందుకని అడిగితే "హెడ్డాఫీసులో అడుగుతున్నారు" అనడమే తప్ప కాగితం మీద ఒక్క ముక్క రాసివ్వలేదు. తక్కిన సభ్యుల డబ్బుకు మీరు పూచీ, జాగ్రత్త పడాల్సిందే. కానీ పాడుకున్నాక నేను కట్టాల్సింది వాయిదాకు 10 వేల చొప్పున 2 లక్షలే. దానికి ఇద్దరు టీచర్ల జీతాలు చాలవా?

ఈలోగా 31వ పాట కూడా అయిపోయింది. ఆ వాయిదా మాత్రం, ఒక్కరోజు దాటినా డివిడెండు (పాటలో మిగిలినదాంట్లో నా వాటా) పోతుందని ఫోన్లు చేసి మరీ కట్టించుకున్నారు. ఎర్రముక్కపల్లెలో మా ఇంటి స్లాబుకు సెంట్రింగ్ కొట్టించి, కమ్మీలు కట్టించి, ఈ డబ్బు కోసమే ఆగాం. కమ్మీలు తుప్పు పడుతున్నాయి. సెంట్రింగ్ రేకులకు బాడుగ పెరుగుతోంది.

1982 చిట్‌ఫండ్ చట్టం 22వ సెక్షన్ చదివించుకున్నాను. సరైన ష్యూరిటీ ఇస్తే సొమ్ము ఇచ్చి తీరాలి. మిగిలిన వాయిదాలన్నీ పట్టుకోడానికి ఒప్పుకుంటే ష్యూరిటీ లేకుండానే ఇవ్వాలి. ఈ రెండో దారి ఉందని మీ ఆఫీసులో నాకెవరూ చెప్పలేదు. పాడినవాళ్ల వల్లే ఆలస్యమైనా, తర్వాతి వాయిదా నాటికి ఆ సొమ్మును బ్యాంకులో విడి ఖాతాలో వెయ్యాలని కూడా అందులోనే ఉంది. ష్యూరిటీ ఇవ్వనివాళ్ల డబ్బుకే అంత కాపుదల ఉంటే, ఇచ్చిన నా డబ్బు ఇప్పుడు ఏ ఖాతాలో ఉంది?

ఈ ఉత్తరం అందిన 7 రోజుల్లో 4 లక్షలు నా ఖాతాలో వెయ్యండి. లేదా ఇచ్చిన ష్యూరిటీల్లో లోపమేమిటో, సొమ్ము ఏ బ్యాంకులో ఉందో రాతపూర్వకంగా తెలపండి. మొదటి పాట నాటికే ఇవ్వాల్సిన చీటీ అగ్రిమెంటు నకలు నాకింకా ఇవ్వలేదు, అదీ పంపండి. జవాబు రాకపోతే 64వ సెక్షన్ కింద చిట్ల రిజిస్ట్రారు దగ్గర వివాదం వేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. ష్యూరిటీ కాగితాలు తీసుకున్నట్టు మీవాళ్లిచ్చిన రసీదు జిరాక్సు దీనికి జతచేశాను.

ఇట్లు,
మీ చందాదారురాలు,
ఎర్రముక్కపల్లె, కడప.