దుంగల లెక్క సరే, నిలబడ్డ చెట్ల లెక్కేదీ?

సంపాదకులకు,

శేషాచలం, లంకమల, పాలకొండల ఎర్రచందనం పత్రికకెక్కేది దుంగలు పట్టుబడినప్పుడే. నిలబడ్డ చెట్టు ఏటా ఎంత లావెక్కుతోందో తేలాలంటే శాశ్వత నమూనా ప్లాట్లు, అంటే హద్దులు పాతి ఏళ్ల తరబడి అవే చెట్లను మళ్లీ మళ్లీ కొలిచే అడవి ముక్కలు, కావాలి. కార్బన్‌కొకటి, మొలకలకొకటి, కార్చిచ్చు నష్టానికొకటి అని విడివిడిగా వేస్తే ఏదీ ఎక్కువ కాలం సాగదు. అన్నిటికీ ఒకే ప్లాటు సరిపోతుంది. ఒక పని ఇంకో పనిని చెడగొట్టకుండా ముందే హద్దులు గీసుకోవాలి, అంతే.

ప్లాటు కొలత హెక్టారు, అంటే 100 మీటర్ల చదరం. 20 మీటర్ల గళ్లు 25 వస్తాయి. కొండవాలున టేపును నేల వెంబడి పరిచి సరిపెట్టుకోకూడదు. 30 డిగ్రీల వాలులో 20 మీటర్ల మట్టపు దూరానికి దాదాపు 23.1 మీటర్లు నడవాలి. ఇది మరిస్తే కాగితం మీద హెక్టారున్నా అడవిలో ఉండదు. చుట్టూ మరో 20 మీటర్ల అంచు వదలాలి. మట్టి గుంటలు తీయడం, కొమ్మ నరికి తూచడం అక్కడే. గళ్లలోకి గడ్డపార రాకూడదు. వేళ్లు తెగితే ఆ తర్వాత కొలిచే పెరుగుదలకు అర్థముండదు. మొలకలకు ప్రతి గడిలో ఒక మూల 2 మీటర్ల చదరం కేటాయించి, అందులో కాలు పెట్టకుండా లెక్కించాలి. 30 సెంటీమీటర్ల చుట్టుకొలత దాటినవే కొలిస్తే రేపటి అడవి లెక్కలోకే రాదు.

తప్పులు ఎక్కువగా జరిగేది టేపు దగ్గరే. మన అటవీ పద్ధతిలో 1.37 మీటర్ల ఎత్తున, వాలులో పైవైపు నిలబడి కొలుస్తారు. ఒకసారి 1.37, ఇంకోసారి విదేశీ లెక్కన 1.3 అంటే రెండు కొలతలకూ పొత్తు కుదరదు. అందుకే కొలిచిన చోటే పెయింటు గీత వేయాలి. నంబరు బిళ్ల మేకును గీతకు కనీసం ఒక అడుగు పైన కొట్టాలి, మేకు చుట్టూ కాండం ఉబ్బుతుంది కనుక. ముదురు ఎర్రచందనం బెరడు మొసలి చర్మంలా పెచ్చులు కడుతుంది. పెచ్చు ఊడితే చెట్టు సన్నబడినట్టు చూపిస్తుంది, కాబట్టి ఆ సంగతి రిజిస్టరులో ఉండాలి. నరికిన మొద్దు నుంచి లేచిన పిలకలకు 147-అ, 147-ఆ అని వేర్వేరు నంబర్లివ్వాలి. ఎండలకు కాండం కాస్త ముడుచుకుంటుంది. డిసెంబరు వానలు వెలిశాక, ఆకు రాలకముందు, ప్రతిసారీ అదే నెలలో కొలవాలి.

మూలలకు ఇనుప పైపులు పాతితే పాత ఇనుము కొట్టుకు చేరతాయి. కడప జిల్లాలో నాపరాయికి కరువా? రాయి పాతి, దాని పక్కనే భూమిలో చిన్న ఇనుప కడ్డీ దాస్తే రాయి పోయినా డిటెక్టరుతో దొరుకుతుంది. ఉపగ్రహ చిత్రాలతో పోల్చడానికి మూలల అక్షాంశ రేఖాంశాలు జాగ్రత్తగా తీయాలి. ఆ చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 10 మీటర్లయితే, మామూలు ఫోను జీపీఎస్ తేడా చిన్నదేం కాదు. అయితే వాటిని బయటపెట్టకూడదు. దొంగలకు దారి చూపినట్టే.

ఇంకొకటి. ప్లాటు చుట్టూ మాత్రమే బోదగడ్డి కోసి నిప్పు ఆపితే అది ముద్దుబిడ్డ అవుతుంది తప్ప అడవికి నమూనా కాదు. పక్క అడవికి ఏ కాపలా ఉందో దానికీ అదే ఉండాలి. కాలితే తేదీ, మసి ఎంత ఎత్తుకు ఎక్కిందీ చెట్టువారీగా రాసుకోవాలి.

— ఒక పాఠకుడు, కడప