బాటిల్ మూత గురించి మీరు తిట్టినవి, నేను దాచినవి

అందరికీ నమస్కారం.

సంక్రాంతి వెళ్ళాక విజయవాడలోని మా కొట్టులో నిమ్మ సోడా, సుగంధి సోడా, మసాలా మజ్జిగ బాటిళ్ళకు మూత మార్చాం. కొత్త మూత తిప్పి తీసినా ఊడి చేతికి రాదు, చిన్న పట్టీతో బాటిల్ మెడకే వేలాడుతుంది. మార్చేముందు ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు, అది నా పొరపాటే. చాలామంది మూత తయారీలోనే తేడా ఉందనుకుని పట్టి పీకేశారు. ఒకాయనకు ఆ పట్టీ తగిలి వేలు గీసుకుపోయింది. "నాసిరకం సరుకు తెస్తున్నావయ్యా" అని సగం సోడా కౌంటర్ మీదే వదిలేసి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఇది మీ కంటపడితే మాత్రం, సార్, మీకు ఒక సోడా బాకీ ఉన్నాను.

రెండు నెలలుగా కొట్టు దగ్గర అందరూ ఈ మూత గురించే మాట్లాడుతున్నారు. ముక్కుకు తగులుతోందని కొందరు, మీసానికి మజ్జిగ అంటుతోందని కొందరు. ఇంటికి తీసుకెళ్ళి గ్లాసుల్లో పోసుకునేవాళ్ళకు మూత ధారకు అడ్డం పడి గట్టంతా తడుస్తోందట. ఇవన్నీ నిజమే, నేనూ తాగి చూశాను. మూతను పూర్తిగా వెనక్కి వంచితే 'టక్' మని ఒకచోట ఆగుతుంది. అప్పుడు బాటిల్‌ని కాస్త తిప్పి, మూత పక్కకు వచ్చేలా పట్టుకుంటే ఇబ్బంది ఉండదు. ఇది మొదటిరోజే కాగితం మీద రాసి అంటించి ఉండాల్సింది.

మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆటోనగర్ నుంచి వచ్చే లారీ డ్రైవర్లకు ఇది బాగా నచ్చింది, మూత పెడల్స్ కిందికి దొర్లిపోయే టెన్షన్ లేదంటారు. బందరు బస్సెక్కే ఒక పెద్దావిడ ఎప్పుడూ సగం తాగి సగం దాచుకుంటారు. "ఇన్నాళ్ళకు ఒక మంచి పని చేశావు నాయనా" అన్నారు. ఆ రోజంతా కాస్త గాల్లో తేలాను. సాయంత్రం ఒక కాలేజీ కుర్రాడు కిందికి దించాడు. "అన్నా, ప్లాస్టిక్ బాటిలే అమ్ముతూ దానికి మూత కట్టేసి చెత్త తగ్గించామంటే ఎలా?"

నాకు జవాబు దొరకలేదు. అతనికి చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్తాను.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిందని మీకందరికీ తెలుసు. మా గోడౌన్ అక్కడే. మూతల అట్టపెట్టెలు నీళ్ళకు నాని విచ్చుకుపోయాయి. మూతల ప్లాస్టిక్ నీటికన్నా తేలిక, అందుకే అన్నీ పైకి తేలి షట్టర్ సందులోంచి వీధిలోకి పోయాయి. నీళ్ళు తీశాక వెళ్తే కాలువ గట్టున, గుళ్ళో, పక్కింటి వాళ్ళ మెట్ల మీద, ఎక్కడ చూసినా బురదలో మా నారింజ రంగు మూతలే. పక్కింటామె ఒక బకెట్ నిండా ఏరి తెచ్చిచ్చింది. తన ఇంట్లో బురద ఇంకా ఎత్తలేదు, అయినా తెచ్చింది. సిగ్గేసింది. కట్టిన మూత సంగతి బాటిళ్ళు సప్లై చేసేవాళ్ళు చెప్పినప్పుడు, ఒక్కోదానికి నలభై పైసలు ఎక్కువైనా సరే అన్నది అందుకే.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఇది చట్టం. 2019లో రూలు పెట్టి, 2024 జూలై 3 నుంచి మూడు లీటర్ల లోపు ప్లాస్టిక్ డ్రింక్ బాటిళ్ళన్నిటికీ మూత బాటిల్‌ని అంటిపెట్టుకునే ఉండాలన్నారు. సముద్రం ఒడ్డున దొరికే చెత్తలో మూతలు మరీ ఎక్కువని వాళ్ళ బాధ. అక్కడా జనం మనలాగే ముక్కు గీసుకుపోతోందని విసుక్కున్నారు. మనకు ఆ రూలు లేదు. అసలు ఊడిపోని మూత మనకు కొత్తా? మా నాన్న వన్‌టౌన్‌లో గోలీ సోడా బండి నడిపారు. ఆ సీసా 1872లో కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంట్ చేసింది. గ్యాసు తోసి గోలీని పైనున్న రబ్బరు రింగుకు అదిమి పెడుతుంది. వేలితో నొక్కితే గోలీ మెడ దగ్గర నొక్కులో కూర్చుంటుంది. సీసా పగిలితే తప్ప బయటికి రాదు. (ఆ గోలీల కోసం నేను పగలగొట్టిన సీసాల లెక్క నాన్నకు చివరిదాకా తెలీదు.) ఆ సీసా తాగేసి వెనక్కి ఇచ్చేది, కడిగి మళ్ళీ నింపేవాళ్ళం. మా బాటిల్‌కి మూత అలాగే అంటిపెట్టుకుని ఉంది, బాటిల్ మాత్రం వెనక్కి రావడం లేదు.

సరే, వెనక్కి రాని బాటిల్ ఎటు పోతోందో చూద్దామని భవానీపురంలో ఒక పాత సామాన్ల కొట్టుకు వెళ్ళాను. మూత బిగించి ఉన్న బాటిల్‌లో గాలి ఉండిపోయి అది నలగదు, బస్తాకు సగం కూడా పట్టవు. అందుకని అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఒక్కో మూతా తిప్పి తీస్తున్నారు. కట్టిన మూతతో గొడవేం లేదట, నలగ్గొట్టి మళ్ళీ బిగిస్తే చాలు. మిల్లులో ముక్కలు చేసి నీళ్ళలో వేస్తే బాటిల్ ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది, తేలిగ్గా వేరవుతాయి. ఇది విని నేను సంతోషపడుతుంటే కొట్టాయన మా బాటిల్ తీసి పక్కన పడేశాడు.

మూత వల్ల కాదు, లేబుల్ వల్ల. బాటిల్ మొత్తానికి రంగురంగుల తొడుగు వేశాం కదా, మీరంతా బాగుందన్నదే, అది పీవీసీ అనే వేరే రకం ప్లాస్టిక్. అది కూడా బాటిల్ ముక్కతోపాటే నీళ్ళలో మునుగుతుంది. తర్వాత బాటిల్ ప్లాస్టిక్ కరిగే వేడి రాకముందే ఇది మాడిపోయి మొత్తం సరుకును పాడు చేస్తుంది. తొడుగు కోసి తీసే ఓపిక ఎవరికీ లేదు. అంటే మూడేళ్ళుగా, మూత ఉన్నా లేకపోయినా, మా బాటిళ్ళు చాలావరకు చెత్తకుప్పకే పోయాయి. మూత గురించి మీరు ఇన్ని మాటలన్నారు, తొడుగు గురించి ఒక్కరూ అనలేదు. నేనూ అనుకోలేదు.

ఇక మారేవి. కట్టిన మూత ఉంటుంది, తీసేయమని అడిగినవాళ్ళు క్షమించాలి. తొడుగు పోతుంది. దాని బదులు నీళ్ళలో తేలే రకం చిన్న లేబుల్ వస్తుంది, చూడ్డానికి కాస్త వెలవెలబోతుంది. తేదీ, లైసెన్స్ నంబరు వేయాలి కాబట్టి అసలు లేబులే లేకుండా కుదరదు. మిగిలిన తొడుగులు ఇంకో మూడు వారాలకు సరిపోతాయి. అవి పారేసినా చెత్తే కదా అని వాడేస్తున్నాను. ఇది సరైన పనో కాదో మా ఇంట్లోనే ఒప్పుకోవడం లేదు.

రెండోది, కొట్టు ముందు నిలబడి తాగేవాళ్ళకు ఇక బాటిల్ ఇవ్వం, గాజు గ్లాసులో పోస్తాం. బాటిల్ 30 రూపాయలు, గ్లాసు 25. అక్కడే తాగి అక్కడే పారేసేవాళ్ళకు ఇన్నాళ్ళూ బాటిల్ ఎందుకిచ్చానంటే, గ్లాసులు కడిగే పని తప్పుతుందని. వేరే కారణం లేదు. 2022 జూలైలో ప్లాస్టిక్ స్ట్రాలు బంద్ అయినప్పుడు కాగితం స్ట్రా మజ్జిగలో మెత్తబడుతోందని మీరంతా గొడవ చేశారు, గ్లాసుకు స్ట్రాతో పని లేదు.

సోమవారం నుంచి గ్లాసులు మొదలు. ఆ రోజు మాత్రం కొట్టు పదకొండింటికి తీస్తాం, కడిగే తొట్టికి కుళాయి బిగించే ఆయన పొద్దున వస్తానన్నాడు.