ఈ వానాకాలం మీ కార్లకు కవర్లు వేయడం లేదు

ఏటా అక్టోబరులో మద్రాసులోని మా షెడ్డులో కారు పెట్టి జనవరిలో తీసుకెళ్లే పాతవాళ్లందరికీ ముందే చెబుతున్నా. ఈసారి బండి మీద కవరు ఉండదు. మధ్యలో చూడ్డానికి వచ్చి బానెట్ మీద దుమ్ము కనిపిస్తే "డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు" అనుకుంటారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

కవర్లు వేసవిలోనే ఆర్డరిచ్చాం. అడిగింది షెడ్డు లోపల వాడే రకం: గాలి ఆడే గుడ్డ, లోపలివైపు మెత్తటి ఫ్లానెల్. శాంపిల్ ముక్క సరిగ్గా అలాగే ఉంది. దిగిన సరుకుదీ అదే రంగు, అదే కుట్టు. కానీ ఫ్లానెల్‌కూ పై గుడ్డకూ మధ్య పలచటి ప్లాస్టిక్ పూత. చేత్తో తడిమితే తెలియదు. మా దగ్గర ఒక పరీక్ష ఉంది. స్టీలు గ్లాసులో మరిగిన నీళ్లు పోసి, మూతి మీద గుడ్డ బిగించి రబ్బరు బ్యాండు వేసి, పైన చల్లటి అద్దం ముక్క పట్టుకోవాలి. గాలి ఆడే గుడ్డయితే కాసేపటికే అద్దం మసకబారుతుంది. శాంపిల్‌కు మసకబారింది. వచ్చిన కవరు మీద అద్దం తళతళలాడుతూనే ఉంది. గుడ్డ విప్పి తిరగేస్తే ఫ్లానెల్ తడిసి ముద్దయింది.

ఫోన్ చేస్తే సప్లయర్ జవాబు: "వాటర్‌ప్రూఫ్ సార్, మీరడిగినదానికంటే మంచి సరుకే పంపాం." షెడ్డు లోపల వాన ఎక్కడ పడుతుందట? అడ్వాన్సు తిరిగివ్వడట. సరుకు మార్చి పంపడానికి డిసెంబరు అవుతుందట. అప్పటికి ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయే వేళవుతుంది, నాకెందుకు? ఇన్నేళ్లుగా చేస్తున్న పనిలో సరుకు గురించి నాకు పాఠం చెప్పడం ఇంకా మింగుడు పడలేదు.

సరే, ఇప్పుడేం చేయాలన్నదే నిద్ర పట్టనివ్వలేదు. ఆ కవర్లే వేసి అంచులు పైకెత్తి కట్టొచ్చన్నారు కొందరు. అంచుల దగ్గర గాలి ఆడుతుంది గానీ బానెట్ మీద, రూఫ్ మీద అతుక్కున్న చోట ఆడదు. "గాలిలో తేమ లాగే మిషన్లు, డీహ్యూమిడిఫయర్లు ఉన్నాయిగా" అని మీరు అడగొచ్చు. ఉన్నాయి, కరెంటు ఉన్నంతసేపు తేమ 50-55 శాతం దాటనివ్వవు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు మద్రాసులో ఎన్ని పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో మీకు తెలుసు. మా జెనరేటరు లైట్లకూ, బ్యాటరీ ఛార్జర్లకూ సరిపోతుంది, అంత పెద్ద మిషన్లను లాగలేదు. అలాంటప్పుడు పై జాలీలు తెరిచి గాలి ఆడనివ్వడమొక్కటే దారి. ప్లాస్టిక్ కింద చిక్కిన తేమ ఎటూ పోదు. రాత్రి బండి రేకు చల్లబడగానే నీరై పెయింటును పట్టుకుని కూర్చుంటుంది. వారాలు అలాగే ఉంటే పెయింటు మీదుండే పారదర్శక పూత, అంటే క్లియర్ కోట్ కింద పొక్కులు లేస్తాయి.

నూలు దుప్పట్లు కుట్టిద్దామనీ అనుకున్నాం. ముసురులో నూలు తేమ పీల్చి వదలదు. పైగా జారుతుంది. సర్దిన ప్రతిసారీ కింద ఉన్న దుమ్ము రాసుకుని సన్నటి గీతలు పడతాయి. నల్ల బండి మీద అవి ట్యూబ్‌లైటు కింద సాలెగూడులా కనిపిస్తాయి.

చివరికి కవరే వద్దనుకున్నాం. పడ్డ దుమ్ము పెయింటును ఏమీ చేయదు, పొడిగుడ్డతో తుడిచే చెయ్యే చేస్తుంది. కాబట్టి జనవరి దాకా మా కుర్రాళ్లెవరూ బండిని తుడవరు, మీరూ వేలితో పేరు రాయకండి. ఇచ్చేముందు నీళ్లు కొట్టి దుమ్ము దించి, ఫోమ్ వేసి, ఆ తర్వాతే షాంపూతో కడుగుతాం. ఆ ఖర్చు మాది. సొంత కవరు తెస్తానంటారా, తీసుకురండి. గ్లాసు పరీక్ష పాసైతేనే వేస్తాం, ఎంత ఖరీదైన కవరైనా సరే.

మిగతా పద్ధతుల్లో మార్పు లేదు. చలిదేశాల్లోలాగా ఇక్కడ ఇంజనును చల్లబరిచే కూలంట్ గడ్డకట్టే భయం లేదు, రోడ్ల మీద ఉప్పూ చల్లరు. మన శత్రువు తేమే, తర్వాత పందికొక్కులు. సైలెన్సరు మూతికి స్టీలు జాలీ ఎప్పటిలాగే పెడతాం. టైర్లలో రోజువారీ గాలికంటే 4-5 పీఎస్ఐ ఎక్కువ కొడతాం, టైరు పక్కన అచ్చువేసిన పరిమితి దాటం.

బ్యాటరీ ఛార్జర్ వద్దనేవాళ్లకు ఒక లెక్క. అలారం, కీలెస్ లాకు కలిసి 30 మిల్లీయాంపియర్లు లాగినా 60 రోజుల్లో 43 యాంపియర్ అవర్లు పోతాయి. 70 యాంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి పైనే. ఈ కాలపు పోర్షే 911కైతే బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరవాలన్నా కరెంటే కావాలి. బ్యాటరీ చచ్చిందంటే ఫ్యూజ్ బాక్సులోంచి టర్మినల్ బయటికి లాగి, వేరే బ్యాటరీతో కరెంటు ఇచ్చి తెరవాలి.

"వారానికోసారి స్టార్ట్ చేయండి" అని ఎంత బతిమాలినా చేయం. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. బండి కదలకుండా పది నిమిషాలు ఇంజను తిప్పితే సైలెన్సరు ఆ నీరు ఆవిరయ్యేంత వేడెక్కదు, ఆయిలు కూడా అంతే.

బండి అక్టోబరు 10 లోపు దించండి. ఇంజను ఆయిలు మార్పించి తెండి, పాత ఆయిల్లోని ఆమ్లాలు మూడు నెలలు బేరింగుల మీద కూర్చోకూడదు. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు, అది తేమ లాగుతుంది. అందుకని పెట్రోలు పాడవకుండా కలిపే మందు, స్టెబిలైజర్ ముందు పోసి, ఆపైన ట్యాంకు నింపి, కనీసం 15 కిలోమీటర్లు నడపండి, మందు ఇంజెక్టర్ల దాకా చేరాలి. వచ్చే దారిలో చివరి పది నిమిషాలు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం పెంచండి, లోపలి కాయిలు ఆరితే బూజు వాసన రాదు. కడిగిన వెంటనే తేవద్దు, బ్రేకు డిస్కులు ఆరాలి. షెడ్డులో నిలిపాక హ్యాండ్‌బ్రేకు వేయకండి, చక్రాలకు చెక్కలు మేం పెడతాం.