రమణకు ఉత్తరం

హైదరాబాద్

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరాలకు ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు, క్షమించు. నాన్న మోకాలి నొప్పి తగ్గింది, నా ఉద్యోగం మామూలే. అసలు సంగతి విను. అక్క కొడుకు చిన్నుకు లుకేమియా, అదే రక్త క్యాన్సర్, అని ఫోనులో చెప్పాను కదా, నెలాఖరున చేసిన ఎముక మూలుగు పరీక్షలో వ్యాధి కణాలు కనబడలేదురా!

మొదటి వారం మాత్రం నరకం చూశాం. ముందుగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. ఎనిమిదో రోజున రక్తంలో మైక్రోలీటరుకు 1000 లేదా అంతకు మించి వ్యాధి కణాలు మిగిలితే మందుకు లొంగలేదని లెక్క. చిన్నుకు మించాయి. అక్క ఆసుపత్రి మెట్ల మీదే కూలబడింది. బావ మొహం... వద్దులే, అది రాయలేను.

ఎందుకు లొంగదని డాక్టరమ్మను వదలకుండా అడిగాను. పాపం, ఓపికగా కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. స్టెరాయిడ్ కణంలోకి వెళ్ళి, దాన్ని అందుకునే రిసెప్టర్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. రెండూ కలిసి కేంద్రకంలోకి చేరి, ఆ కణం తనంతట తానే చచ్చేలా చేస్తాయి. కొందరి వ్యాధి కణాల్లో కాస్పేస్-1 అనే ఎంజైము అతిగా తయారై ఆ రిసెప్టర్‌నే ముక్కలు చేస్తుందట. ఉత్తరం వచ్చినా అందుకునే చెయ్యి ఉండదన్నమాట! అమెరికాలో సెయింట్ జూడ్ అనే పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ప్రయోగశాలలో ఆ ఎంజైమును తగ్గించి చూస్తే, రిసెప్టర్లు పెరిగి కణాలు మళ్ళీ స్టెరాయిడ్‌కు లొంగసాగాయి. 2015లో ప్రచురించారు. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈస్టర్ ద్వీపం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చిన రాపమైసిన్ అనే మందు కూడా ఇంకో దారిలో ఈ మొండితనాన్ని తగ్గించగలదని 2006లోనే చూపారట. ఎక్కడి ద్వీపం, ఎక్కడి చిన్నుగాడు!

వాడికి ఇచ్చినవి ఇవి కావులే. అవి ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. వీడిని ప్రమాదం ఎక్కువున్న కోవలో చేర్చి కీమో పెంచారు. వెన్నులోకి ఎక్కించే మందు పేరు చూసి ఎగిరి గంతేశాను. మెథోట్రెక్సేట్! మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన మందు. లెక్కల మాస్టారి ముందు నువ్వు చెప్పిన "మా ఊరి నీళ్ళ మహిమ" ఇక ఒప్పుకున్నాను, పో!

చికిత్స ఇంకా రెండేళ్ళకు పైగా ఉంది. భయం పోలేదురా, రాత్రుళ్ళు ఒక్కోసారి... సరే, అది కలిసినప్పుడు. స్టెరాయిడ్ల ఆకలికి వాడు అర్ధరాత్రి లేచి పెసరట్టు అడుగుతున్నాడు, అక్క నవ్వుతూ వేస్తోంది. ఆ నవ్వు కోసమే ఇదంతా రాశాను. నీ ఇంటి సంగతి అడుగుదామంటే, అదుగో బావ హారన్ కొడుతున్నాడు, రిపోర్టులు తేవాలి. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
శ్రీను